నల్లని చర్మం ఉన్న రోగుల్లో ఆక్సిమీటర్ అంకెను ఎంతవరకు నమ్మాలి?

ఒడిశాలోని రాయగడ జిల్లాలో కోందు, సవర గిరిజన రోగులకు సేవ చేసే నర్సుగా ఆక్సిమీటర్‌ను నమ్మవచ్చా అని అడిగారు. నమ్మవచ్చు, కానీ దాన్నొక్కదాన్నే కాదు. ఆ పరికరం వేలి గుండా ఎరుపు, పరారుణ కాంతులను పంపి, రక్తం వాటిని ఎంత పీల్చుకుందో కొలిచి, దాన్నిబట్టి రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని అంకెగా చూపుతుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా కొంత కాంతిని పీల్చుకుంటుంది కనుక, నల్లని చర్మం ఉన్నవారిలో అంకె వాస్తవం కంటే ఎక్కువగా కనబడే అవకాశం ఉంది. 2020లో వెలువడిన అమెరికా పరిశోధన ఒకటి, ఆక్సిమీటర్ పసిగట్టలేని ఆక్సిజన్ లోపం శ్వేతజాతి రోగులలో కంటే నల్లజాతి రోగులలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేల్చింది. ఆ లెక్కను మన ప్రాంతానికి యథాతథంగా వర్తింపజేయలేం. అయినా తెరపై 94 ఉన్నప్పటికీ రోగి ఆయాసపడుతుంటే, ముందు వేళ్లు చల్లబడ్డాయేమో, గోళ్లకు గోరింటాకు ఉందేమో గమనించి, నిండు నిమిషం శ్వాసలు లెక్కపెట్టి, నాలుక, పెదవి లోపలి భాగం నీలంగా మారాయేమో చూసి, ధమని రక్తపరీక్ష అవసరమేమో వైద్యుణ్ణి అడగాలి. ఈ రోగుల గురించి "వీళ్లు ప్రతిదీ పెద్దది చేసి చెబుతారు" అనే మాట వార్డులో వినబడితే (నా దృష్టిలో పరికరం లోపం కంటే ఇదే ప్రమాదకరం), వాదనకు దిగకుండా శ్వాసల సంఖ్యను, సమయాన్ని, వైద్యునికి తెలియజేసిన సంగతిని కేస్ షీటులో నమోదు చేయండి.