మేనకోడలికి, పాత కుర్చీల విషయమై

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఎర్రగడ్డ ఆదివారం అంగడిలో నాలుగు భోజనాల బల్ల కుర్చీలు, ఒక చేతుల కుర్చీ కొన్నావనీ, వచ్చే ఆదివారానికల్లా అన్నిటికీ తెల్లరంగు వేసి కొత్త గుడ్డ బిగించాలనుకుంటున్నావనీ తెలిసి సంతోషించాను. నీవు పంపిన ఫొటోలు రెండు మూడు సార్లు చూశాను. నలభై ఏళ్లుగా పాత సామాను బాగుచేసుకుంటూ వస్తున్నవాడిగా నిన్ను కోరేది ఒక్కటే: రంగు డబ్బా మూత ఇప్పుడే తీయవద్దు. నీవు మొదట చేయాలనుకుంటున్న ఆ రెండు పనులూ నిజానికి చివర చేయవలసినవి. అంతకు ముందే అది ఏ కర్రో తెలుసుకోవాలి, కీళ్లు గట్టిగా ఉన్నాయో లేదో చూడాలి, లోపల పురుగు ఉంటే వదిలించాలి. ఇవి చేయకుండా వేసిన రంగు ఎంత ఖరీదైనదైనా నిలవదు.

చేతుల కుర్చీ సంగతి ముందు చెబుతాను. కుడిచేతి పట్టె మీద ఆకుపచ్చ రంగు పెచ్చు ఊడిన చోట తేనెరంగు కర్ర కనిపిస్తోంది. అది టేకేనని నాకు అనిపిస్తోంది. కుర్చీని బోర్లించి, ఎవరికీ కనపడని అడుగు పట్టెను చాకుతో కొద్దిగా గీరి చూడు. కర్ర వేలికి కాస్త జిడ్డుగా తగిలి, తోలు వాసన వంటిది వస్తే ఇక సందేహం అక్కరలేదు. టేకే అయితే దానికి తెల్లరంగు వేయవద్దని గట్టిగా చెబుతున్నాను. మామిడికర్రకూ, రకరకాల ముక్కలు కలిపి చేసిన సామానుకూ రంగు అందాన్నిస్తుంది. టేకుకూ ఇరుగుడుకూ (రోజ్‌వుడ్) వాటి చారలే అందం. వాటికి పాలిష్ చాలు.

ఆ ఆకుపచ్చ రంగును ఉప్పు కాగితంతో పొడిగా రుద్దవద్దు. పాత ఎనామెల్ రంగుల్లో సీసం చాలా ఉండేది. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి మాత్రమే అమల్లోకి వచ్చింది. ఈ కుర్చీకి రంగు అంతకు చాలా ముందే వేసినట్టుంది. సీసం కలిసిన ధూళి పసిపిల్లల మెదడుకు చేటు చేస్తుంది, మీ ఇంట్లోనేమో నేల మీద ఆడుకునే పిల్లవాడు ఉన్నాడు. కాబట్టి రంగు తీసే మందు తెచ్చుకుని, డాబా మీద, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని పని చేయి. మందును బ్రష్‌తో దళసరిగా పూసి వదిలేస్తే, కాసేపటికి పాత రంగు ముడతలు పడి ఉబ్బుతుంది. అప్పుడు మొద్దు అంచు ఉన్న రేకుతో చారల వెంట మెల్లగా తోయాలి. ఊడిన పెచ్చులన్నీ కింద పరిచిన వార్తాపత్రికలోనే పడేటట్టు చూసి, మూటకట్టి పారేయాలి. అంతా తీశాక టర్పెంటైన్‌తో తుడిచి, ఆరనిచ్చి, తర్వాత 120, 180, 220 నంబర్ల ఉప్పు కాగితాలతో అదే వరసలో, అంటే ముతక నుంచి నునుపుకు, ఎప్పుడూ చారల వెంటే రుద్దు. అడ్డంగా రుద్దిన గీతలు అప్పటికి కనపడవు, పాలిష్ పడగానే ఒక్కొక్కటిగా బయటపడతాయి. రుద్దడం అయిన తర్వాత ఒకసారి తడిగుడ్డతో తుడిచి చూడు. పేలవంగా, బూడిదరంగుగా ఉన్న కర్ర ఆ తడికి ఒక్కసారిగా ముదురు తేనెరంగుకు తిరిగి, చారలన్నీ లేచి కనిపిస్తాయి. పాలిష్ వేశాక కుర్చీ దాదాపు అదే రంగులో ఉంటుంది. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నా ఆ ఒక్క నిమిషం కోసం ఇప్పటికీ ఎదురుచూస్తాను.

భోజనాల కుర్చీలకు వస్తే, వాటికి నీవనుకున్నట్టు రంగే సరిపోతుంది. కానీ ఒక దాని కాలి దగ్గర సూదిమొన అంత బెజ్జాలు కనిపిస్తున్నాయి. అవి పాతవా, పురుగు ఇంకా లోపల ఉందా అన్నది తేల్చుకోవాలి. నాలుగు కుర్చీల కిందా తెల్ల కాగితాలు పరిచి వారం రోజులు కదపకుండా ఉంచు. కాగితం మీద మెత్తటి పొడి రాలితే పురుగు బతికే ఉన్నట్టు. అప్పుడు కర్ర పురుగు మందును సిరంజితో ఒక్కో బెజ్జంలోకీ ఎక్కించి, ఆ కాలికి పాలిథీన్ కవరు చుట్టి కొన్ని రోజులు ఉంచాలి. సీటు కుట్ల మడతల్లో నల్లులున్నాయేమో కూడా చూసుకో. నా మట్టుకు నేను పాత సీటు గుడ్డను, లోపలి కొబ్బరి పీచును ఎన్నడూ తిరిగి వాడలేదు.

కుర్చీ ఊగుతుంటే మేకు కొట్టవద్దు. మేకు కర్రను చీల్చుతుందే గాని కీలును బిగించదు. కీలును పూర్తిగా ఊడదీసి, పాత జిగురును గీరి తీసి, ఫెవికాల్ పెట్టి, నాలుగు కాళ్లనూ చుట్టి తాడు కట్టి, తాడు మధ్య పుల్ల దూర్చి మెలితిప్పితే మంచి బిగింపు వస్తుంది. ఒక రోజంతా అలాగే ఉంచాలి.

తర్వాత రంగు. మొదట్లో నేనొకసారి నిగనిగలాడే వార్నిష్ మీద రుద్దకుండానే నేరుగా ఎనామెల్ వేశాను. మూడు నెలలకే ఉల్లిపొర ఊడినట్టు ఊడి వచ్చింది. మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్దాలి, ధూళి తుడవాలి, రంగు పట్టేందుకు అడుగు పూతగా వుడ్ ప్రైమర్ వేయాలి, గుంటల్లో లప్పం పెట్టి 220 కాగితంతో నున్న చేయాలి, ఆ పైన రంగును రెండు పల్చటి పూతలుగా వేయాలి. దళసరిగా ఒక్క పూత వేస్తే కాళ్ల మీద చారలుగా కారుతుంది. స్వచ్ఛమైన తెలుపు కావాలంటే నీటితో కలిపే ఎనామెల్ తీసుకో. నూనె ఎనామెల్ తెలుపు వెలుతురు తక్కువగా ఉన్న గదిలో కొంతకాలానికి పసుపు తిరుగుతుంది. ముసురు పట్టిన రోజున మాత్రం రంగు గాని పాలిష్ గాని ముట్టుకోవద్దు, ముఖ్యంగా లక్క పాలిష్ ఆ తేమకు పాలిపోయి తెల్లటి పొర కడుతుంది. ఇంకొక జాగ్రత్త: చేతుల కుర్చీకి అవిసె నూనె పట్టిస్తే, ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయవద్దు. వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లలో తడిపి, విప్పి ఆరబెట్టాలి.

గుడ్డ దగ్గర తొందరపడేవారే ఎక్కువ. పాత గుడ్డను చించకుండా, పిన్నులు ఒక్కొక్కటిగా లాగి తీసి దాచు. కొత్త దానికి అదే నమూనా. నీ సీటు 18 అంగుళాల చదరం, మీద 2 అంగుళాల ఫోమ్ అనుకుంటే, పక్కలకు రెండేసి, అడుగున మడతకు రెండేసి అంగుళాలు కలిపి, 26 అంగుళాల చదరం ముక్క కావాలి. 54 అంగుళాల పన్నా ఉన్న సోఫా గుడ్డలో అడ్డంగా రెండు ముక్కలు వస్తాయి గనుక నాలుగు సీట్లకు ఒకటిన్నర మీటరు చాలు. అదే 48 అంగుళాల పన్నా అయితే అడ్డంగా ఒక్కటే వస్తుంది, మూడు మీటర్లు తీసుకోవాలి. ఈ లెక్క చూసుకోకుండా కొట్టుకు వెళ్లవద్దు. ఫోమ్ 40 డెన్సిటీది అడుగు. అంతకంటే తక్కువది, అంటే అంత దట్టంగా లేనిది, భోజనాల కుర్చీకి త్వరగా అణిగిపోతుంది.

నీవు ముచ్చటపడుతున్న కలంకారీ గుడ్డ చేతుల కుర్చీ దిండుకు బాగుంటుంది, రోజూ రాపిడి తగిలే సీటుకు కాదు. కిటికీ పక్కన ఎండలో పెడితే వెలిసిపోతుంది కూడా. సీట్లకు మన వరంగల్ దర్రీల వంటి దళసరి నూలు నేత చూడు. నూలు గుడ్డ ఏదైనా కోసే ముందు ఒకసారి తడిపి ఆరేయాలి, తెల్ల గుడ్డ తడిపి రుద్ది రంగు దిగుతుందేమో చూడాలి.

బిగించేటప్పుడు ముందు నాలుగు వైపులా సరిగ్గా నడిమిలో ఒక్కొక్క పిన్ను కొట్టి, అక్కడి నుంచి మూలల వైపు జరుపుకుంటూ రావాలి. మూల నుంచి మొదలుపెడితే నేతగీత వంకరపోతుంది. ప్రతి నాలుగైదు పిన్నులకూ సీటును తిప్పి ముందు నుంచి చూడు. మూలల్లో ఎక్కువైన గుడ్డను కోయకుండా, చీర కుచ్చిళ్లు సర్దినట్టు రెండు చిన్న మడతలుగా తీర్చి అడుగున కొట్టు.

వచ్చే ఆదివారానికి ఇదంతా కాదు, నెల పడుతుందనుకో. ఈ లోగా కుర్చీల కింద కాగితాలు పరిచి, వారం తర్వాత పొడి రాలిందో లేదో, అడుగు పట్టె గీరితే ఏ వాసన వచ్చిందో నాకు రాయి.

నీ మేలు కోరే
మామయ్య