గంజాయిని చట్టబద్ధం చేస్తే వ్యాపారులకు లాభాలు పెరుగుతాయా?

అమ్మకాలు పెరుగుతాయి, లాభాలు మాత్రం అలా పెరగవు. నిషేధం ఉన్నప్పుడు గంజాయి రేటులో చాలా భాగం పట్టుబడే రిస్క్‌కే పోతుంది, నిషేధం ఎత్తేస్తే అది మామూలు పంటే కదా.

కెనడాలో 2018 అక్టోబర్ 17న చట్టబద్ధం చేశారు. కంపెనీలు పోటీపడి గ్రీన్‌హౌస్‌లు కట్టేసరికి సరుకు పేరుకుపోయి ధర పడిపోయింది. దానికి తోడు ఎక్సైజ్ పన్ను: గ్రాముకు 1 డాలర్ లేదా ఉత్పత్తిదారు అమ్మే ధరలో 10 శాతం, ఏది ఎక్కువైతే అది కట్టాలి. గ్రాము 10 డాలర్లు పలికితే సరే, 4 డాలర్లకు దిగినా ఆ డాలర్ తగ్గదు, అంటే పాతిక శాతం పన్నుకే పోతుంది, చిన్న రైతు ఎలా నిలబడతాడు చెప్పండి. కానోపీ గ్రోత్ అంతటి పెద్ద గంజాయి కంపెనీయే 2023లో స్మిత్స్ ఫాల్స్‌లోని తన ప్లాంటు (ఒకప్పటి హెర్షీ చాక్లెట్ ఫ్యాక్టరీ) అమ్మేసుకుంది.