ఊళ్ళో క్రికెట్ చూడాలంటే ఫైనల్‌కి కాదు, మొదటి రౌండ్‌కి వెళ్ళండి

ఒకరు ఇలా అడిగారు: సిటీలో పెరిగాను, క్రికెట్ అంటే టీవీలోనూ ఉప్పల్ స్టేడియంలోనూ చూడటమే, ఒక రోజంతా పల్లెటూరి మ్యాచ్‌లు చూడాలని ఉంది, ఎప్పుడు వెళ్ళాలి, వెళ్తే ఏం గమనించాలి? మాది నరసరావుపేట వైపు పల్లెటూరు. చిన్నప్పట్నుంచీ ఆ గ్రౌండ్ల చుట్టూనే తిరిగాను కాబట్టి ధైర్యంగా ఒక మాట చెప్తాను. ఫైనల్ చూడటానికి వెళ్ళకండి. టోర్నమెంట్ మొదలైన రోజో, ఆ మర్నాడో వెళ్ళండి.

ఎందుకంటే చాలా చోట్ల ఫైనల్ నాటికి అది ఊరి ఆటగా మిగలదు. ఫస్ట్ ప్రైజ్ 50 వేలో లక్షో పెట్టారంటే చాలు, మనిషికింత అని మాట్లాడుకుని పక్క జిల్లాల నుంచి ఆటగాళ్ళను దింపుతారు. వాళ్ళ ఆట బాగుంటుంది, కాదనను. కానీ కొట్టిన వాడెవడో ఊళ్ళో ఎవరికీ తెలియనప్పుడు ఆ చప్పట్లలో ప్రాణం ఉండదు. కొన్ని టోర్నీల్లో సొంత ఊరి వాళ్ళే ఆడాలి, ఆధార్ కార్డు చూపించాలి అని రూల్ పెడతారు. అలాంటిది దొరికితే అస్సలు వదలకండి. మొదటి రౌండ్‌లో మాత్రం ఎక్కువగా దిగేది ఊరి కుర్రాళ్ళే. ట్రాక్టర్ తోలేవాడు, సెలూన్ పెట్టుకున్నవాడు, డిగ్రీ చదివేవాడు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ పండక్కి వచ్చినవాడు, అందరూ ఒకే టీమ్. ఎనిమిదో పదో ఓవర్ల మ్యాచ్‌లు కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాలుగైదు చూసేయొచ్చు.

ఇక ఎప్పుడంటే, సంక్రాంతి లేదా ఎండాకాలం సెలవులు. సంక్రాంతికి పైచదువులకీ ఉద్యోగాలకీ వెళ్ళినవాళ్ళంతా ఇంటికొస్తారు, టీములు నిండుగా ఉంటాయి. మా వైపు ఆడేది ఎక్కువగా హైస్కూల్ గ్రౌండ్లో. కోత అయిపోయిన పొలాల్లో ఆడతారుగా అని చాలామంది అనుకుంటారు, కానీ కాలవ నీళ్ళు పారే ఊళ్ళలో వరి కోశాక మినుమో, రెండో పంట వరో (దాళ్వా) ఉంటుంది, ఖాళీ చేలు అంత తేలిగ్గా దొరకవు. ఎండాకాలంలో అయితే ఎండిన చెరువులు ఉన్నాయి. చెరువులో జరిగే మ్యాచ్ చూడటం నాకు మరీ ఇష్టం. నేల గట్టిగా, చదునుగా ఉంటుంది, జనమంతా కట్ట మీద వరసగా కూర్చుంటారు, ఎక్కడ కూర్చున్నా ఆట మొత్తం కనపడుతుంది. టోర్నీ ఎక్కడ ఉందో తెలియాలంటే మండల కేంద్రంలో సెంటర్ దగ్గర కట్టిన ఫ్లెక్సీలు చూడండి, ఎంట్రీ ఫీజు, ప్రైజులు, ఫోన్ నంబర్ అన్నీ వాటి మీదే ఉంటాయి. లోకల్ మ్యాచ్‌ల స్కోర్లు పెట్టే క్రిక్‌హీరోస్ యాప్‌లో ఊరి పేరుతో వెతికినా కొన్ని దొరుకుతాయి.

పొద్దున మరీ తొందరపడక్కర్లేదు. సంక్రాంతి రోజుల్లో మంచు విడిచేదాకా బంతి సరిగ్గా కనపడదు. తడి నేల మీద దొర్లి బంతి నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, ఎంత గట్టిగా కొట్టినా దూరం పోదు. అందుకే మొదటి మ్యాచ్‌లో టాస్ గెలిచినవాడు ఎక్కువగా ఫీల్డింగే తీసుకుంటాడు.

అసలు చూడాల్సింది బౌలింగ్. పల్లెటూరి ఆట అంటే సిక్సులే అనుకుంటారు, నా దృష్టిలో అక్కడి గొప్ప విద్య యార్కర్, అంటే సరిగ్గా బ్యాట్స్‌మన్ కాళ్ళ దగ్గర పడే బంతి. వాడేది లెదర్ బాల్ కాదు, కాస్త బరువైన రకం టెన్నిస్ బాల్. దానికి లెదర్ బాల్ లాంటి సీమ్ (పైకి లేచిన కుట్టు) ఉండదు, కాస్త పాతబడగానే పైన నూగు రాలిపోతుంది. పైగా చాలా టోర్నీల్లో ఎల్బీడబ్ల్యూ, అంటే వికెట్లకు వెళ్ళే బంతి కాలికి అడ్డుపడితే ఔట్ ఇవ్వడం, లేదు. అంపైరింగ్ చేసేది ఆ రోజు మ్యాచ్ లేని ఇంకో టీమ్ కుర్రాడు, ప్యాడ్లు లేని కాళ్ళకి బంతి తగిలినప్పుడల్లా గొడవ ఎవరు పడతారు? ఎల్బీ లేదని తెలిసిన బ్యాట్స్‌మన్ వికెట్లకు అడ్డంగా జరిగి నిలబడి లెగ్ సైడుకి లేపుతాడు. బౌలర్‌కి మిగిలిన దారి ఒక్కటే, కాళ్ళ పక్కనుంచి దూరి వికెట్ల మొదట్లో పడే బంతి. అర అడుగు అటు పడితే నేల తాకకుండా బ్యాట్ మీదికొచ్చే ఫుల్‌టాస్. ఇటు పడితే టెన్నిస్ బాల్ నడుం ఎత్తుకి లేస్తుంది. రెండూ బౌండరీ బయటకే.

పోయిన సంక్రాంతికి ఒక మ్యాచ్‌లో ఆఖరి ఓవర్‌లో తొమ్మిది కావాలి. వేసేవాడు పంక్చర్ షాపులో పనిచేసే కుర్రాడు, సన్నగా ఉంటాడు, రనప్ కూడా నాలుగైదు అడుగులే. బ్యాట్స్‌మన్ వెనక్కి జరిగితే బంతి అతని మడమల వెంటే వెళ్ళింది. పక్కకు జరిగితే ఖాళీ అయిన వికెట్ల మీదికి వెళ్ళింది. బంతి బంతికీ అరచేతిలో మట్టి రుద్దుకుని ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు తప్ప ముఖంలో టెన్షన్ లేదు. ఆ ఓవర్లో ఒక్క బంతి కూడా గాల్లోకి లేవలేదు. తమిళనాడులో సేలం జిల్లా చిన్నప్పంపట్టి నుంచి వచ్చిన బౌలర్ నటరాజన్ 2020 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ తరఫున యార్కర్ మీద యార్కర్ వేస్తుంటే దేశమంతా ఆశ్చర్యపోయింది. టెన్నిస్ బాల్ టోర్నీలు చూసినవాళ్ళకి మాత్రం ఆ చెయ్యి ఎక్కడ తయారైందో వెంటనే అర్థమైంది. మన సిరాజ్ కూడా హైదరాబాద్‌లో టెన్నిస్ బాల్ ఆడుతూ పైకొచ్చినవాడే.

కూర్చోవడానికి స్కోరర్ పక్కన చోటు చూసుకోండి. షామియానా కింద ఒక బల్ల, మైకు, స్కోరు రాసే నోట్‌బుక్ ఉంటాయి. ఇప్పుడు ఫోన్‌లో కూడా ఎక్కిస్తున్నారు గానీ పుస్తకం ఇంకా పోలేదు. కొత్తవాళ్ళని ఎవరూ పొమ్మనరు, "రా అబ్బాయ్, కూర్చో" అని జరిగి చోటిస్తారు. అక్కడ కూర్చుంటే ఎవడు ఎవరి మేనల్లుడో, ఏ రెండూళ్ళ మధ్య పాత పంతం ఉందో అడక్కుండానే తెలుస్తుంది. ఓవర్లో ఐదు బంతులే పడ్డాయా ఆరు పడ్డాయా అన్న పంచాయితీ కూడా ఆ బల్ల దగ్గరికే వస్తుంది. మా ఊళ్ళో అంపైరింగ్ చేసే ఒక పెద్దాయన ఆరు గులకరాళ్ళు ఎడమ జేబులో పోసుకుని బంతికొకటి కుడి జేబులోకి మారుస్తాడు. ఎవరైనా నోరు లేపితే మాట్లాడకుండా జేబు బోర్లించి చూపిస్తాడు. మరో మాట లేకుండా అందరూ ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళిపోతారు.

టోపీ, నీళ్ళ సీసా తెచ్చుకోండి. పునుగులు, మిరపకాయ బజ్జీలు, సోడా అక్కడే దొరుకుతాయి. ఆడవాళ్ళు, పిల్లలతో వెళ్తుంటే బాత్రూమ్ సౌకర్యం ఉండే హైస్కూల్ గ్రౌండే మేలు. కారు బౌండరీకి దూరంగా పెట్టండి. పెద్ద మ్యాచ్‌ల దగ్గర బయటినుంచి వచ్చి పందేలు కట్టించేవాళ్ళు తిరుగుతుంటారు. దయచేసి వాళ్ళ జోలికి వెళ్ళకండి. పందెం డబ్బు చేరాక కొట్లాటతో ఆగిపోయిన టోర్నీని చూశాను, ఆడే కుర్రాళ్ళే నష్టపోయారు.

అంత దూరం వెళ్ళడం కుదరకపోతే ఒక ఆదివారం పొద్దున్నే సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌కి వెళ్ళండి. ఒకే మైదానంలో ఎన్నో మ్యాచ్‌లు పక్కపక్కనే జరుగుతుంటాయి, ఒక ఆటలో బౌండరీ దగ్గరుండే లాంగాన్ ఫీల్డర్ ఇంకో ఆట పిచ్ పక్కనే నిలబడి ఉంటాడు. దగ్గర్లోనే జింఖానా గ్రౌండ్ ఉంది, 1930ల్లో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్ అనే పాత హైదరాబాద్ టోర్నీ మ్యాచ్‌లు జరిగిన చోటు. అక్కడ లీగ్ మ్యాచ్ ఉంటే లెదర్ బాల్ ఆట కూడా అదే రోజు చూసి, రెండింటిలో బౌలర్లు బంతి ఎక్కడ వేస్తున్నారో పోల్చుకోవచ్చు.