తొలగించిన యువరాజా, తొలగించబడ్డ యువరాజా?

సందేహం: చైనా చారిత్రక సీరియల్ ఒకదానికి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. కథంతా చింగ్ వంశపు కాంగ్‌షీ చక్రవర్తి కొడుకు యిన్‌రెంగ్ చుట్టూ తిరుగుతుంది. తండ్రి అతన్ని యువరాజుగా ఒకసారి తీసేస్తాడు, మళ్లీ పెడతాడు, మళ్లీ తీసేస్తాడు. ఇంగ్లిష్‌లో ‘డిపోజ్డ్ క్రౌన్ ప్రిన్స్’ అని రెండు సీన్లకోసారి వస్తోంది. నేను ‘పదభ్రష్ట యువరాజు’ అని రాశాను. మా టీమ్‌లో ఒకరు ‘తొలగించబడిన యువరాజు’ అనాలన్నారు, ఇంకొకరు ‘మాజీ యువరాజు’ చాలన్నారు. ఏది ఒప్పు? అతని అన్నదమ్ముల్ని కూడా యువరాజులు అనొచ్చా?

సమాధానం: మీ చివరి ప్రశ్న దగ్గర మొదలుపెడతాను, అక్కడ తప్పితే మిగతాదంతా తప్పుతుంది. అనకూడదండీ. లండన్ వార్తలు రాసీ రాసీ మన పత్రికలు ప్రిన్స్ అన్న ప్రతివాణ్ణీ యువరాజు చేసేశాయి గానీ, యువరాజు అంటే రాజుగారబ్బాయి అని కాదు, అదొక పదవి. దశరథుడు రాముడికి చేద్దామనుకున్నది యౌవరాజ్య పట్టాభిషేకం, వాడుకలో అది ఉత్త పట్టాభిషేకం అయిపోయింది. కిష్కింధలో సుగ్రీవుడు రాజైతే యువరాజైనవాడు వాలి కొడుకు అంగదుడు, అంటే ఉన్న రాజుకు కొడుకు కానక్కర్లేదు కూడా. మన మైదవోలు శాసనం చూడండి, పల్లవ శివస్కందవర్మ ఇంకా యువమహారాజు హోదాలో ఉండగానే ధాన్యకటకంలోని అధికారికి ఆజ్ఞ పంపి ఒక ఊరిని దానమిచ్చాడు. సంతకం చెల్లే ఉద్యోగమన్నమాట. కాంగ్‌షీకి లెక్కకెక్కిన కొడుకులు 24 మంది. వాళ్లంతా రాకుమారులు. యువరాజు మాత్రం ఒక్కడే. ఈ తేడా చెరిపేస్తే మీ సీరియల్లో ఇక కథే ఉండదు, ఎందుకంటే మిగతావాళ్లు కొట్టుకునేది ఆ ఒక్క మాట కోసమే.

ఇప్పుడు ‘తొలగించబడిన’ సంగతి. వ్యాకరణం ప్రకారం తప్పని ఎవరూ అనలేరు, కానీ చెవికి అది ఆఫీసు కాగితం భాష. కనబడు, వినబడు లాంటివి మనకు సహజంగా ఉన్నాయి గానీ, ‘చేయబడెను, చెప్పబడెను’ అని ఎవరూ ఇంట్లో మాట్లాడుకోరు. మీ టీమ్‌లోని ఆయన దాన్ని ఎందుకు పట్టుకున్నారో నాకు తెలుసు. ఉత్త ‘తొలగించిన యువరాజు’ అంటే ఆ యువరాజే ఇంకెవర్నో తొలగించినట్టు కూడా వినిపిస్తుంది, ‘చూసిన మనిషి’ అంటే చూసినవాడా, మనం చూసినవాడా తెలియనట్టు. ఈ చిక్కుకు తెలుగులో మందు ‘బడు’ కాదు, చేసినవాడెవరో ముందు చెప్పడం. ‘తండ్రి తొలగించిన యువరాజు’. అయిపోయింది. యిన్‌రెంగ్ విషయంలో ఆ తండ్రి అనే మాట రావడం అవసరం కూడా.

ఎందుకో చెప్పాలంటే కొంచెం కథలోకి వెళ్లాలి. యిన్‌రెంగ్ 1674లో పుట్టాడు, అతన్ని కన్న రోజే తల్లి, పట్టమహిషి, చనిపోయింది. రెండేళ్లయినా నిండకముందే తండ్రి యువరాజ పట్టం కట్టాడు. దగ్గర కూర్చోబెట్టుకుని తనే చదువు చెప్పాడు. 1696, 97ల్లో మంగోలు నాయకుడు గల్దాన్ మీదికి యుద్ధానికి వెళ్తూ బీజింగ్‌లో పాలన ఇతని చేతిలో పెట్టి వెళ్లాడు. ఇంతలో యువరాజు చుట్టూ ఒక ముఠా పెరిగింది, దానికి పెద్ద దిక్కు తల్లివైపు తాత వరస అయ్యే సోంగోటు అనే మంత్రి. 1703లో చక్రవర్తి ఆ పెద్దమనిషిని ఖైదు చేయించాడు, ఆయన చెరలోనే పోయాడు. అక్కణ్ణించి తండ్రీకొడుకుల మధ్య ఏది జరిగినా అనుమానమే.

1708లో వేట యాత్ర నుంచి తిరిగొస్తూ దారిలోనే మంత్రుల్ని పిలిపించి, కొడుకును మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఏడుస్తూ తప్పులన్నీ చదివాడు కాంగ్‌షీ. చదవడం అయ్యాక నేలమీద పడిపోయాడు. ఆ యాత్రలోనే 18వ రాకుమారుడు, ఏడెనిమిదేళ్ల పసివాడు, జబ్బుపడితే యిన్‌రెంగ్‌కు చీమ కుట్టినట్టయినా లేదట. ఇంకో ఆరోపణ చూడండి, ప్రతి రాత్రీ నా గుడారం దగ్గరికి వచ్చి గుడ్డ సందులోంచి లోపలికి తొంగి చూస్తున్నాడు, ఇవాళ విషం పెడతాడో రేపు చంపుతాడో తెలియడం లేదు అన్నాడు. యాభై నాలుగేళ్ల చక్రవర్తి, చుట్టూ సైన్యం, గుడారం చిల్లులోంచి ఒక కన్ను. నాకైతే మొత్తం చింగ్ వంశ చరిత్రలో ఇంతకన్నా భయంకరమైన బొమ్మ లేదనిపిస్తుంది. మీ సబ్‌టైటిల్లో అక్కడ దయచేసి ‘రహస్యంగా వీక్షించడం’ అని రాయకండి. తొంగి చూడటమే.

ఆ ఆజ్ఞలోనే ఇంకో వాక్యం ఉంది, పుడుతూనే తల్లి ప్రాణం తీసినవాడు అని. చైనీస్‌లో వాడిన మాటకు జాతకం దెబ్బకొట్టడం అనే ఛాయ ఉంది. ఇంగ్లిష్ అనువాదకులు దీంతో కుస్తీ పడతారు, మనకా అవసరమే లేదు. ‘పుడుతూనే తల్లిని మింగాడు’ అని మన ఊళ్లలో ఈ మాటే, ఇంత క్రూరంగానే, పసిపిల్లల్ని అంటారు. ఉన్నదున్నట్టు పెట్టేయండి.

ఇప్పుడు మీ ‘పదభ్రష్ట’కు వద్దాం. భ్రంశం అంటే జారడం, పడిపోవడం, అంతే. ధర్మరాజును రాజ్యభ్రష్టుడంటే ఆయన్ని తిట్టినట్టు కాదు. గీతలో యోగభ్రష్టుడికి ఏ గతి పడుతుందని అర్జునుడు అడిగితే కృష్ణుడు ఎంతో ఓదార్పుగా జవాబు చెప్తాడు. అది సంస్కృతం సంగతి. తెలుగులోకి వచ్చాక ఆ మాటకు మసి అంటింది. ‘భ్రష్టుపట్టిపోయాడు’, ‘భ్రష్టుడా’ అన్నాక వినేవాడికి పదవి గుర్తుకు రాదు, నడత గుర్తుకొస్తుంది. కాబట్టి ‘పదభ్రష్ట యువరాజు’ అని మీరు రాస్తే, సబ్‌టైటిల్ రాసే మీరే అతని మీద తీర్పు చెప్పినట్టు. కాంగ్‌షీ నోట్లోనో, పోటీకి వచ్చిన తమ్ముళ్ల నోట్లోనో పెట్టండి, బ్రహ్మాండంగా సరిపోతుంది. కథ చెప్పే గొంతులో మాత్రం వద్దు.

చెప్పే గొంతుకు ‘పదచ్యుతుడు’ లేదా ‘పదవీచ్యుతుడు’ ఉంది. ఇందులోనూ జారడమే ఉంది, జారనివాడు కనకనే విష్ణువు అచ్యుతుడు, కానీ ఈ మాటకు మురికి అంటలేదు. ఒక్క జాగ్రత్త. పదవి తెలుగులో పొట్టిదే అయినా సంస్కృతంలో పదవీ, సమాసంలో ఆ దీర్ఘం తిరిగి వస్తుంది. ‘పదవిచ్యుత’ కాదు, పదవీచ్యుత, పదవీ విరమణలో లాగే. ఫ్లెక్సీల మీద ‘పదవి విరమణ మహోత్సవం’ చూసి చూసి నాకే అప్పుడప్పుడు అనుమానం వస్తుంటుంది, అది వేరే సంగతి. ‘గద్దె దించిన’ అని మాత్రం వాడకండి, యువరాజు గద్దె ఎక్కితే గదా దించడానికి.

చైనీస్‌లో దీన్ని ‘ఫెయ్ తైజ్’ అంటారు, రెండో మాట చివర మన జడలో పలికే దంత్య జకారానికి దగ్గరగా పలుకుతుంది. ఫెయ్ అంటే రద్దు చేయడం, పనికిరాదని పక్కన పడేయడం. చూడండి, ఇందులో పడిపోవడం లేదు, పడేయడం ఉంది. ఈ అర్థానికి అతికినట్టు సరిపోయే మాట మనకు సంస్కృతంలోంచి కాక పారసీలోంచి వచ్చింది. బర్తరఫ్. ‘బర్ తరఫ్’ అంటే ఒక పక్కకు. మంత్రుల్ని చేసీ చేసీ అది పూర్తిగా రాజ్యాంగం మాటైపోయింది కాబట్టి చింగ్ దర్బారులో వింటే నవ్వొస్తుంది, లేకపోతే అదే వాడమనేవాణ్ణి.

తీసేసిన ఆర్నెల్లకే కాంగ్‌షీ మనసు మారింది. తర్వాత యువరాజు ఎవరైతే బాగుంటుందో చెప్పండని మంత్రుల్ని అడిగితే వాళ్లు మూకుమ్మడిగా ఎనిమిదో రాకుమారుడు యిన్‌సీ పేరు చెప్పారు, అది చూసి ఆయన గుండె ఝల్లుమంది, ఇంకో ముఠా అన్నమాట. అదే సమయంలో పెద్ద కొడుకు ఒక లామా చేత యిన్‌రెంగ్ మీద ప్రయోగం చేయించాడని మూడో కొడుకు వచ్చి చెప్పాడు, వెతికితే పాతిపెట్టిన వస్తువులు దొరికాయి. నా బిడ్డ చెడ్డవాడు కాడు, ఎవరో ఏదో చేశారు అనుకోవడానికి తండ్రికి అంతకన్నా ఏం కావాలి. పెద్దవాణ్ణి బంధించి, 1709లో రెండోవాడైన యిన్‌రెంగ్‌కు పట్టం తిరిగిచ్చాడు. ఇక్కడ మీకు రెండు మాటలు అవసరం పడతాయి. ప్రయోగానికి చేతబడి అనండి, అన్ని ప్రాంతాలకూ తెలుస్తుంది. బాణామతి అంటే తెలంగాణ, చిల్లంగి అంటే కోస్తా గుర్తుకొస్తాయి, బీజింగ్ గుర్తుకు రాదు. ఇక పదవి తిరిగివ్వడాన్ని ‘పునరుద్ధరించాడు’ అనకండి, మనం పునరుద్ధరించేవి కరెంటు సరఫరా, రైళ్ల రాకపోకలు. ‘మళ్లీ యువరాజును చేశాడు’ చాలు.

అది మూడేళ్లు నిలిచింది. ‘లోకంలో నలభై ఏళ్ల యువరాజు ఎక్కడైనా ఉన్నాడా?’ అని అతను అన్నట్టు కొరియా రాజ్య వృత్తాంతాల్లో రాసి ఉంది. యువ అనే మాట మన పదంలోనే ఉంది కాబట్టి ఇది తెలుగులో ఇంకా బాగా పేలుతుంది, వదులుకోకండి. 1712లో రెండోసారి తీసేశారు, ఈసారి ఏడుపులూ పడిపోవడాలూ లేవు. రాజనగరిలోనే షియెన్‌ఆన్ సౌధంలో కాపలా పెట్టి ఉంచారు. జైలు అనొద్దు, చెరసాల అనొద్దు, భార్యాబిడ్డలతో ఉన్నాడు, నిర్బంధం అనండి. అక్కణ్ణించే 1715లో, భార్యకు వైద్యం చేయడానికి వచ్చిన డాక్టరు చేతికి పటిక నీళ్లతో రాసిన ఉత్తరం ఇచ్చి పంపాడు. ఆరితే కాగితం తెల్లగా ఉంటుంది. పడమటి సరిహద్దు యుద్ధానికి తనను సేనాపతిగా పంపమని చక్రవర్తికి సిఫారసు చేయించండి అన్నది అందులోని సారం. అదీ బయటపడింది.

మాజీ అన్న మాట ఈ మొత్తంలో ఎక్కడ కుదురుతుంది? మాజీ అంటే అరబీలో గడిచినది. రాజీనామా చేసినా మాజీయే, గడువు తీరినా మాజీయే, ఓడిపోయినా మాజీయే. ఎలా పోయిందో చెప్పకుండా మర్యాదగా దాటేస్తుంది. అతన్ని చూడటానికి వచ్చిన పాత నౌకరు ఎవరైనా ‘మాజీ యువరాజా’ అంటే నేను టీవీ కట్టేస్తాను. రెండోసారి తీసేశాక అతన్ని రికార్డుల్లో ‘రెండో ఆగా’ అనే రాశారు, అంటే రెండో రాకుమారుడు. పిలుపుల్లో మీరూ అంతే చేయండి, నిన్నటిదాకా ‘యువరాజా’ అన్నవాళ్లు ఇవాళ ‘రెండో రాకుమారా’ అంటే చూసేవాడికి పదవి పోయిన సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పేరు కూడా పూర్తిగా మిగల్లేదు పాపం. 1722లో కాంగ్‌షీ పోయి నాలుగో కొడుకు యిన్‌జెన్ యోంగ్‌జెంగ్ పేరుతో సింహాసనం ఎక్కాక, చక్రవర్తి పేరులోని అక్షరం ఇంకెవరి పేరులోనూ ఉండకూడదు కాబట్టి అన్నదమ్ములందరి ‘యిన్’ కాస్తా ‘యున్’ అయింది. మన పాతకాలం ఇల్లాళ్లు మొగుడి పేరు పలక్కపోవడం లాంటిదే, కాకపోతే ఇది ప్రభుత్వ ఆజ్ఞ. కాబట్టి ఆ ఎపిసోడ్ల నుంచి యున్‌రెంగ్ అని మార్చండి, అచ్చుతప్పని ఎవరైనా మెయిల్ పెడితే నా పేరు చెప్పండి. అతను 1725 జనవరిలో పోయాడు. కొత్త రాజు 1723లోనే తన వారసుడి పేరు రాసి, పెట్టెలో పెట్టి, దర్బారు సౌధంలో ఫలకం వెనక దాచేశాడు. ఆ కాలపు సీన్లలో మీకిక యువరాజు అన్న మాటతో పనిపడదు, వారసుడు అనండి.

మీ కథ ఇంకా ముందుకెళ్తే యిన్‌రెంగ్ కొడుకు హోంగ్‌షీ వస్తాడు. 1739లో చియెన్‌లోంగ్ చక్రవర్తి అతని మీద కుట్ర కేసు పెడుతూ, తాను ఒకప్పటి తూర్పు నగరు వారి అసలు కొడుకునని అనుకుంటున్నాడు అన్నాడు. తూర్పు నగరు యువరాజు ఉండే చోటు, దాని పేరుతోనే మనిషిని చెప్పడం అక్కడి అలవాటు, మన దగ్గర దివాణంలో చెప్పానంటే జమీందారుకు చెప్పినట్టే కదా. చూడండి, ఇన్నేళ్ల తర్వాత చక్రవర్తి కూడా తొలగించిన అనలేదు, ఒకప్పటి అన్నాడు. మీ టీమ్‌లో మాజీ చాలన్నవారికి ఆ సీను రాయడానికి ఇవ్వండి.