పేరు పట్టుకుని వెతికితే మోనికా రాంబో దొరకదు

జనం పెద్దగా పట్టించుకోని ఆడ సూపర్ హీరోలు ఎవరు, హైదరాబాద్‌లో ఉంటూ వాళ్ల కామిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. వండర్ వుమన్‌తో మొదలయ్యే లిస్టులు ఎక్కడ చూసినా ఉన్నాయి, వాటి జోలికి పోను. నన్నడిగితే మొదటి పేరు మోనికా రాంబో.

ఈమె మొదట కనిపించింది 1982లో, అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ యాన్యువల్ 16లో. రాసింది రోజర్ స్టెర్న్, బొమ్మలు జాన్ రొమీటా జూనియర్. యాన్యువల్ అంటే ఏడాదికోసారి వచ్చే ప్రత్యేక సంచిక, ఆ మాట మర్చిపోకండి. నెలనెలా వచ్చే స్పైడర్‌మ్యాన్ 16 వేరు, అది 1964 నాటిది, అందులో మోనికా ఉండదు. ఈమెది న్యూ ఆర్లీన్స్‌లో హార్బర్ పెట్రోల్ ఉద్యోగం. వెలుగు, కరెంటు, ఎక్స్‌రే, ఇలా ఏ తరంగంగా కావాలంటే అలా మారిపోగలదు. అప్పుడు ఆమె పేరే కెప్టెన్ మార్వెల్. అవెంజర్స్ 227వ సంచికలో జట్టులో చేరింది, 279లో ఆ జట్టుకే నాయకురాలైంది. సినిమా చూసి కెప్టెన్ మార్వెల్ అంటే కరోల్ డాన్వర్స్ ఒక్కతే అనుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది ఏంటంటే, కరోల్‌కి ఆ పేరు వచ్చింది 2012లో. అప్పటికి మోనికా ఆ పేరు మోసి ముప్పై ఏళ్లు.

ఆమెను ఎలా పక్కకు తప్పించారో చూడాలంటే 1988లో వచ్చిన అవెంజర్స్ 291 నుంచి 293 దాకా చదవండి. మరీనా అనే ఆమె సముద్రంలో భయంకరమైన జంతువుగా మారితే, ఆమెతో పోరాటం. మోనికా పిడుగు రూపంలో విరుచుకుపడుతుంది, ఆ ఊపులో నీళ్లు తగులుతాయి. అంతే, కరెంటు నీళ్లలో పాకిపోయినట్టు ఆమె ఒళ్లే సముద్రం మీద చెదిరిపోతుంది. తిరిగి మనిషి రూపానికి వచ్చేసరికి బుగ్గలు పీక్కుపోయి, ఎముకల గూడై, శక్తులు పోయి ఉంటుంది. పదిహేను సంచికలు కూడా తిరక్కుండా సంపాదించుకున్న కుర్చీ దిగిపోయింది. నాయకత్వం కెప్టెన్ అమెరికాకి ఇవ్వాలి, మోనికాని చేతకానిదానిగా చూపించాలి అని పైనుంచి ఒత్తిడి వచ్చిందని, తను ఒప్పుకోకపోవడంతోనే అవెంజర్స్ రాసే పని తన చేతిలోంచి పోయిందని స్టెర్న్ తర్వాత చెప్పాడు. కథ చదివితే ఆ తొందర పేజీల్లోనే కనిపిస్తుంది.

ఆ తర్వాత పేరు కూడా మిగల్చలేదు. 1996లో, మోనికా కంటే ముందు కెప్టెన్ మార్వెల్‌గా ఉన్నవాడి కొడుకు వచ్చి పేరు తీసుకున్నాడు, ఈమె ఫోటాన్ అయింది. కొన్నేళ్లకి అతనే ఫోటాన్ కూడా పట్టుకుపోతే పల్సర్ అయింది. 2013కి స్పెక్ట్రమ్. ఇన్ని పేర్లు మారాక కొత్త పాఠకుడికి ఏం దొరుకుతుంది? ఆడ హీరోలు మరుగున పడటానికి కథలు బాగోకపోవడం కారణం కాదు. పేరు, సొంత పుస్తకం వాళ్ల దగ్గర నిలవనివ్వకపోవడమే అసలు కారణం. అందుకే పేరుతో వెతకడం మానేసి పుస్తకం పేరు, సంవత్సరం, సంచిక నంబరు రాసిపెట్టుకోండి.

బ్యాట్‌గర్ల్ విషయంలో ఇది మరీ అవసరం. బ్యాట్‌గర్ల్ 1 అని అడిగితే 2000లో వచ్చింది ఒకటి, 2009లో ఒకటి, 2011లో ఇంకొకటి ఉంది, మూడింట్లో ముగ్గురు వేరువేరు అమ్మాయిలు. మీకు కావాల్సింది 2000 నాటిది, కసాండ్రా కెయిన్‌ది. హంతకుడైన తండ్రి ఆమెకి మాటలే నేర్పకుండా పెంచాడు, ఎదుటివాడి ఒంటి కదలిక చూసి వచ్చే దెబ్బని ముందే పసిగడుతుంది. మొదటి సంచికల్లో మాట లేకుండా సాగే పేజీలు చాలా ఉంటాయి, ఇంగ్లిష్ తడబడేవాళ్లు కూడా ధైర్యంగా మొదలుపెట్టొచ్చు. కానీ తొందరగా తిప్పేస్తే ఏమీ మిగలదు. చేతులు, భుజాలు ఎటు తిరిగాయో చూడాలి, కథ అక్కడే ఉంది. మొత్తం 73 సంచికలు. లేడీ శివా అనే యోధురాలితో పోరాటం 25లో, అక్కడిదాకా మాత్రం వరసగా చదవండి, మధ్యలో దూకొద్దు.

పాత సంచికల కోసం అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లో వెతకొచ్చు. అడిగిన నంబరు అడిగిన రోజు దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. చేతికి రాగానే నడిమి పేజీలు చూడండి. 32 పేజీల కామిక్ అంటే మధ్యకి మడిచిన 8 కాగితాలు, రెండు పిన్నులు. పిన్ను తుప్పు పడితే ముందు ఊడేది అన్నిటికంటే లోపలి కాగితం, అంటే 15 నుంచి 18 దాకా నాలుగు పేజీలు ఒక్కసారే పోతాయి. అట్ట నిగనిగలాడుతూనే ఉంటుంది, కథ మధ్యలో గుండు సున్నా. అట్ట చిరిగిపోయి ఉంటే మొదటి పేజీ అడుగునో అట్ట లోపలివైపో సన్నటి అక్షరాల్లో పుస్తకం పేరు, నంబరు, నెల ఉంటాయి, బేరం ఆడేముందు అవి చదవండి. చిరిగినచోట సెల్లోటేప్ వేసి అమ్మేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ జిగురు కొన్నేళ్లకి పసుపు రంగుకి తిరిగి బొమ్మలోకి దిగుతుంది, పీకితే రంగు కూడా ఊడొస్తుంది. టేప్ వేసింది ఎంత చవకైనా వదిలేయండి. మోనికా కథలకైతే ఇంత తిప్పలు అక్కర్లేదు, 2019లో ఆమె పేరుతోనే మార్వెల్ ఒక సంపుటం వేసింది.

హిందీ వస్తే రాజ్ కామిక్స్‌లో చండికని చూడండి. అక్కడి హీరో సూపర్ కమాండో ధ్రువ చెల్లెలు శ్వేతే ముసుగు వేసుకుని చండికగా తిరుగుతుంటుంది, అన్నకి ఆ సంగతి తెలియదు. ఆమెకి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే ఫాంటోమా. 1940 ఫిబ్రవరి నాటి జంగిల్ కామిక్స్ 2లో వచ్చింది, అంటే 1941 చివర్లో వచ్చిన వండర్ వుమన్ కంటే ముందు. మామూలుగా అందమైన ముఖం, కోపం వస్తే బంగారు రంగు జుట్టు అలాగే ఉండి ముఖం మాత్రం నీలి పుర్రె అయిపోతుంది. హక్కుల గడువు తీరిపోయింది కాబట్టి స్కాన్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. గీసింది ఫ్లెచర్ హ్యాంక్స్, కానీ ఆ పేజీల మీద సంతకం బార్‌క్లే ఫ్లాగ్ అని ఉంటుంది, అది చూసి వేరే పుస్తకం అనుకుని మూసేయకండి. 2 నుంచి 15 దాకా చదివి ఆపేయండి, ఆ తర్వాత గీసింది వేరేవాళ్లు.