బీపీ చూసే కుర్చీ వేసే ముందు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పనిచేసే మందుల షాపులో బీపీ, షుగరు చూడాలని, వీలైతే టీకాలు కూడా వేయించాలని రాశావు. చాలా సంతోషమమ్మా. అయితే ముందు చేతిలో ఎంత తీరిక ఉందో చూసుకో. బోర్డు తరవాత పెడుదువుగాని.

ఒక వారం పాటు నోటుబుక్కులో గంట గంటకూ గీతలు పెట్టు. డాక్టర్లు రాసిన మందుల చీటీలు ఎన్ని వచ్చాయి, రాత అర్థంకాక డాక్టరుకు ఎన్నిసార్లు ఫోను చేశావు, హెచ్1 రిజిస్టరు (కొన్ని యాంటీబయాటిక్కుల్లాంటి మందులు ఎవరికి ఇచ్చామో రాసే పుస్తకం) రాయడానికి ఎంతసేపు పట్టింది, అన్నీ రాయి. ఇవేవీ బిల్లులో కనిపించవు, రోజంతా తినేసేవి మాత్రం ఇవే. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం చీటీకి మందు ఇవ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టే. నువ్వు బీపీ చూస్తున్నంతసేపూ కౌంటరు ఆగాల్సిందే. షాపులో అబ్బాయి ఎంత చురుకైనవాడైనా మందు ఇచ్చే పని అతనికి అప్పగించకు.

నేను కౌంటరులో ఉన్న రోజుల సంగతి చెబుతాను. ఒక సాయంత్రం ఏడింటికి, క్లినిక్కుల నుంచి జనం వచ్చిపడే వేళ, పెద్దాయనకు షుగరు చూస్తూ మధ్యలో లేచి ఒకావిడకు మందు ఇచ్చాను. షుగరు తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర ఒక మిల్లీగ్రాముది ఇవ్వాల్సింది, రెండుది ఇచ్చాను. రెండు స్ట్రిప్పులూ ఒకే రంగు. రాత్రి లెక్క చూస్తుంటే బయటపడింది. సైకిలు మీద వాళ్ల ఇంటికి పరుగెత్తాను. పొద్దున టిఫిను ముందు వేసుకునే మాత్ర కనుక ఆవిడ ఇంకా విప్పలేదు. స్ట్రిప్పు మార్చి ఇచ్చాక కూడా నా చేతుల వణుకు తగ్గలేదు.

అందుకే బీపీ ఒక్కటితో మొదలుపెట్టు, అదీ మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు వరకు. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడనివ్వకుండా ఉంచి, రెండుసార్లు చూడు. ‘బీపీ సరిపోయింది, మాత్ర మానేశాను’ అనేవాళ్లు తప్పక వస్తారు. మాత్ర వల్లే అది సరిగ్గా ఉందని ఓపికగా చెప్పు. యంత్రం చూపే అంకె కన్నా ఆ మాట వాళ్లకు ఎక్కువ మేలు చేస్తుంది. 180/120 దాటి ఛాతీ నొప్పో, మాట తడబాటో ఉంటే క్షణం ఆపకుండా ఆస్పత్రికి పంపు.

షుగరు తరవాత చూద్దాం. వేలు గుచ్చడం అర నిమిషమే, వాడిన సూదులను గుచ్చుకోని డబ్బాలో వేసి, పద్ధతి ప్రకారం పంపించడం రోజువారీ పని. టీకాల మాట ఇప్పుడు వద్దు.

వారం నిండాక ఆ పేజీలు ఫొటో తీసి పంపు. సాయంత్రాలకు రెండో ఫార్మసిస్టును పెట్టమని మీ యజమానిని అడగడానికి ఆ లెక్కే ఆధారం. కావాలంటే నేనూ వచ్చి మాట్లాడతాను.

మామయ్య