తాష్కెంట్‌లో మధ్యవర్తిగా సోవియట్ యూనియనే ఎందుకు?

1965 భారత్-పాకిస్తాన్ యుద్ధం సెప్టెంబర్ 23న ఐక్యరాజ్యసమితి చొరవతో ఆగింది. కానీ రెండు సైన్యాలూ ఎదుటివాళ్ల భూభాగంలోనే ఉండిపోయాయి. వాటిని వెనక్కి పంపే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి. అమెరికా అప్పటికే రెండు దేశాలకూ ఆయుధాలు ఆపేసింది, పైగా వియత్నాంలో తలమునకలై ఉంది. చైనా బాహాటంగా పాకిస్తాన్ వైపు నిలబడింది. ఆ చైనా పలుకుబడి ఇక్కడ పెరగడం మాస్కోకు అసలు ఇష్టం లేదు. భారత్‌తో స్నేహం ఎలాగూ ఉంది, పాకిస్తాన్‌ను కాస్త దగ్గరకు తీసుకోవచ్చన్న ఆశా ఉంది. కాబట్టి ఇదేమీ నిస్వార్థ సేవ కాదు.

1966 జనవరి 4న, అప్పట్లో సోవియట్ యూనియన్‌లో ఉన్న తాష్కెంట్‌లో (ఇప్పటి ఉజ్బెకిస్తాన్ రాజధాని) చర్చలు మొదలయ్యాయి. మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్‌ల మధ్య మాట ముందుకు సాగకపోతే సోవియట్ ప్రధాని కొసిగిన్ ఒకరి బస నుంచి ఇంకొకరి బసకు తిరిగి బతిమాలాడు, ఒత్తిడీ పెట్టాడు. అసలు చిక్కు కశ్మీర్. దానిపై ఒప్పందంలో పెట్టిన వాక్యం చూస్తే మధ్యవర్తి పనితనం అర్థమవుతుంది: ఆ నేపథ్యంలో జమ్మూ కశ్మీర్ గురించి చర్చించారు, ఎవరి వైఖరి వాళ్లు చెప్పుకున్నారు, అంతే! ఇద్దరూ ఇంటికెళ్లి తామే తగ్గలేదని చెప్పుకోవచ్చు.

జనవరి 10న సంతకాలయ్యాయి. ఫిబ్రవరి 25లోగా సైన్యాలు 1965 ఆగస్టు 5 నాటి స్థానాలకు వెళ్లాలి. అంటే మనవాళ్లు ప్రాణాలిచ్చి పట్టుకున్న కశ్మీర్‌లోని హాజీ పీర్ కనుమ కూడా వదులుకోవాలి. మన దేశంలో చాలామందికి మింగుడుపడనిది అదే. ఆ అర్ధరాత్రి దాటాక శాస్త్రి తాష్కెంట్‌లోనే కన్నుమూశారు.